సంఘం పెట్టండి, సైకిల్ షాపులవాళ్లను కలుపుకొని పెట్టండి

నెల్లూరులో సహకార సైకిల్ వర్క్‌షాపు తలపెట్టిన మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

మాగుంట లేఅవుట్ వైపు ఒక గది అద్దెకు తీసుకుని, సభ్యుల డబ్బుతో పనిముట్లు కొని, రిపేర్లకూ విడిభాగాలకూ మనకంటూ ఒక సహకార సంఘం పెట్టుకుందామని మీరు రాసుకున్న కాగితం నాదాకా వచ్చింది. శ్రద్ధగా చదివాను. ఆలోచన మంచిది, నేనూ చేరతాను. కాకపోతే అందులో "ఇకపై వీధి షాపుల మీద ఆధారపడాల్సిన పని ఉండదు" అని ఒక మాట ఉంది. దాన్ని తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మాట కొట్టేసినంత మాత్రాన సరిపోదు, దాని వెనకున్న లెక్క కూడా మారాలి. అందుకే మీకొక్కరికే పంపకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఇందుకూరుపేట మండలంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా పిల్లల్లో చాలామంది సైకిళ్ల మీదే వస్తారు. మీలో చాలామంది పొద్దున్నే మైపాడు దాకా తొక్కుకుంటూ వచ్చి, బీచ్ దగ్గర టీ తాగి తిరిగి వెళ్తుంటారు. అదే రోడ్డు మీద, దాదాపు అదే టైముకి, వెనక క్యారియర్‌కు సంచి కట్టుకుని రొయ్యల గుంటల మీదికి పనికి పోయేవాళ్లు కనపడుతుంటారు. మీ సంఘం ఈ రెండు రకాలవాళ్లకూ పనికిరావాలని నా కోరిక.

మీరు విదేశాల ఉదాహరణలు ఇచ్చారు. అవి నాకూ ఇష్టమే. ఎడింబరోలో 1977లో మొదలైన సైకిల్ కోఆపరేటివ్‌ను అందులో పనిచేసేవాళ్లే యజమానులుగా పెట్టుకున్నారు. అమెరికాలో 1984లో పుట్టిన 'బైక్స్ నాట్ బాంబ్స్' జనం వాడకుండా వదిలేసిన సైకిళ్లు సేకరించి, బాగుచేసి, మొదట నికరాగ్వాకు పంపింది. ఇవి కాక వారంలో కొన్ని సాయంత్రాలు తెరిచి ఉంచే సామూహిక వర్క్‌షాపులు చాలా నగరాల్లో ఉన్నాయి. పానాలూ స్టాండూ వాళ్లవి, చేసుకునే చేతులు మనవి. పక్కన తెలిసినవాళ్లు ఒకరు నిలబడి చూపిస్తారు.

అవి అక్కడ ఎందుకు నిలబడ్డాయో కూడా చూడాలి కదా. అక్కడ మనిషి కూలి ఖరీదు. షాపులో సర్వీసుకు అయ్యే ఖర్చు చూసి, పాత సైకిల్‌ను గ్యారేజీలో పడేసేవాళ్లు ఎక్కువ. అలా పడేసినవి ఉచితంగా వస్తాయి, వాటి విడిభాగాలే సంఘానికి పెట్టుబడి. మన దగ్గర ఆ రెండూ లేవు. ఇక్కడ సైకిల్‌ను ఊరికే పారేసేవాళ్లు లేరు. అన్న తొక్కింది తమ్ముడికి, తమ్ముడు తొక్కింది పొలం పనికి వెళ్లే మామకు పోతుంది. చివరికి పాత ఇనప సామాన్లవాళ్ల తరాజులోకి పోయి కేజీల లెక్కన అమ్ముడవుతుంది. ఇక కూలి అంటారా, పంక్చరుకీ బెండు తీయడానికీ మనం ఇచ్చే డబ్బు చూస్తే మనకే సిగ్గనిపించాలి.

మన ఇబ్బందంతా సామాను దగ్గర. మంచి చెయిన్ దొరకదు. సరైన సైజు టైరు దొరకదు. దొరికిన బ్రేక్ రబ్బర్లు రెండు వానలకు గట్టిపడి రిమ్మును గీకుతాయి. అట్టపెట్టె మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, లోపల వస్తువు ఎవరు చేశారో తెలియదు. అంటే అక్కడివాళ్లకు ఖరీదైనది పని. మనకు కరువైనది నమ్మకమైన సామాను. అందుకని నేను చెప్పేది ఒక్కటే: సామానుకు సంఘం, పనికి షాపు. ఆ షాపులవాళ్లు కూడా సంఘంలో సభ్యులుగా ఉండాలి, వాళ్లకూ ఓటు ఉండాలి.

మూలాపేటలో చూడండి, స్టోన్‌హౌస్‌పేటలో చూడండి, పెన్న దాటి కోవూరు పోయి చూడండి. పాలవాళ్లకూ పేపర్లు వేసే పిల్లలకూ అక్కరకొచ్చే వేళకు సైకిల్ షాపు తెరిచి ఉంటుంది. మీ ప్రణాళికలో వర్క్‌షాపు వేళలు శని, ఆదివారాలు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. సరదాగా తొక్కేవాళ్లకు అది చాలు. మంగళవారం పొద్దున ఏడింటికి ట్యూబు పేలిన పిల్ల బడికి ఎలా రావాలి? వాలంటీర్లు ఎంత మంచివాళ్లయినా ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. పరీక్షలొస్తే, పెళ్లిళ్లొస్తే, ఆఫీసులో ఆడిట్ వస్తే గది తాళం తీసేవాళ్లు ఉండరు. షాపు నడిపే మనిషికి అది తిండి పెట్టే పని కాబట్టి ముసురులో కూడా పట్టా కప్పుకుని కూర్చుంటాడు.

ఆ పనిలో ఉన్న చదువు గురించి కూడా చెప్పాలి. చక్రం బెండు తీయడం మీలో ఎంతమంది పక్కన కూర్చుని చూశారో నాకు తెలియదు. మా బడి దగ్గర షాపు నడిపే మెకానిక్ భాయ్ సైకిల్‌ను తలకిందులు చేసి సీటు మీదా హ్యాండిల్ మీదా నిలబెడతాడు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, చేతిని ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకుంటాడు. రిమ్ము పక్కకు వచ్చిన చోట గీత పడుతుంది. కుడివైపు గీత పడితే, ఆ చోట హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) ఎడమ పక్క నుంచి వచ్చే స్పోకుల నిపిల్స్, అంటే రిమ్ము దగ్గరి చిన్న నట్లు, పావు చుట్టు బిగిస్తాడు, కుడి పక్కవి అంతే వదులు చేస్తాడు. మళ్లీ తిప్పుతాడు, సుద్ద చెరిపి మళ్లీ పట్టుకుంటాడు. ఒక్కసారే ఎక్కువ తిప్పితే రిమ్ము పైకి లేచి గుడ్డు ఆకారమవుతుందని ఆయనకు తెలుసు. చివర్న స్పోకుల్ని రెండేసి కలిపి వేళ్లతో నొక్కుకుంటూ వస్తాడు. పాత హీరో, అట్లాస్ సైకిళ్ల వెనక చక్రానికి 40 స్పోకులు. వాటిలో వదులుగా ఉన్నదేదో ఆయన వేళ్లు చెబుతాయి. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు వృత్తం, వ్యాసార్థం చెప్పే రోజుల్లో వాళ్లను ఆయన దగ్గరికి తీసుకుపోయి చూపిస్తాను. మీరు వేల రూపాయలు పోసి కొనాలనుకుంటున్న ట్రూయింగ్ స్టాండ్ (చక్రాన్ని బిగించి బెండు చూసే స్టాండు) నిజంగా పనికొచ్చేది, కొనండి. దాని ముందు కూర్చోవలసింది మాత్రం ఈయన లాంటివాళ్లే.

షాపులకు అన్నీ వచ్చని నేననడం లేదు. రావు. గేర్ల సైకిల్ తీసుకుపోతే భాయే చెప్పేశాడు, "దీనికి నా దగ్గర పానా ల్యాదు టీచరమ్మా, కొట్టి తీస్తే మర పోద్ది, నాకెందుకా పాపం" అని. నిజమే. పాత సైకిల్ క్రాంకును (పెడలు బిగించే కాడను) కాటర్ పిన్ను పట్టి ఉంచుతుంది, దాన్ని సుత్తితో తీయొచ్చు. కొత్త సైకిళ్ల క్రాంక్ తీయాలంటే మరలో బిగించి లాగే పుల్లర్ ఉండాలి. ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రం) తీయడానికి దాని గాడికి సరిపోయే రిమూవర్ కావాలి, ఒక్కో రకానికి ఒక్కోటి. నూనె ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు అయితే ఇంకా జాగ్రత్త. షిమానో కంపెనీ బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోయాలి. డాట్ ఫ్లూయిడ్ అనే ఇంకో రకం ద్రవం తీసుకునే బ్రేకులు వేరే ఉన్నాయి. ఒకదానిలో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై బ్రేకే పట్టదు. ఈ పనిముట్లన్నీ ఒక చిన్న షాపు కొనలేదు, కొన్నా నెలకు ఒకసారి కూడా వాడకం ఉండదు. పది షాపులకు కలిపి ఒక సెట్టు ఉంటే చాలు. సంఘం చేయాల్సిన మొదటి పని ఇదే. పనిముట్లు సంఘం గదిలో ఉండాలి, సభ్యులైన మెకానిక్కులు వచ్చి వాడుకోవాలి, కొత్త రకం వస్తే నేర్పించే ఏర్పాటు కూడా సంఘమే చూడాలి. గేర్లు, డిస్కుల సంగతి మీలో కొందరికి బాగా తెలుసు. మీరు వాళ్లకు నేర్పండి, బెండు తీయడం వాళ్ల దగ్గర నేర్చుకోండి.

రెండో పని సామాను. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే.

టైరు సంగతి తీసుకోండి. '28 టైరు' అని అడిగితే పాత పెద్ద సైకిల్‌దీ 28 అంటారు, కొత్త హైబ్రిడ్ సైకిల్‌దీ 28 అంటారు. పాతదాని రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు, కొత్తదానిది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా, ఒకటి ఇంకోదానికి ఎక్కదు. 26లో కూడా ఇదే గొడవ. లేడీస్ సైకిళ్లకు వచ్చే 26లో 590 ఉంది, లావు టైర్ల మౌంటెన్ బైకులకు 559. టైరు పక్కన ఈ మూడంకెల నంబరు అచ్చు వేసి ఉంటుంది. ఫోన్లో సైజు చెప్పి తెప్పించుకున్న టైరు పట్టక, తిరిగి పంపే దారి లేక, ఇంట్లో మూలన పడేసినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. సంఘం నంబరు చూసి ఆర్డరు పెడితే, చెన్నై నుంచో లూధియానా నుంచో ఒకేసారి పెట్టెల్లో తెప్పిస్తే, ధరా దిగుతుంది, ఈ తలనొప్పీ పోతుంది.

చెయిన్ కూడా అంతే. చెయిన్‌లో పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం. 24 లింకులు స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. దానికి అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చెయిన్ మార్చే వేళయింది. ఎనిమిదో వంతు దాటిందంటే పళ్ల చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, అప్పుడు చెయిన్ ఒక్కటే మారిస్తే జారుతుంది. పది రూపాయల స్కేలుతో తేలిపోయే లెక్క ఇది. ప్రతి షాపు గోడ మీద సంఘం ఈ కొలత అంటించగలిగితే సభ్యులకు ఎంత డబ్బు మిగులుతుందో ఆలోచించండి.

మైపాడు వైపు తొక్కేవాళ్లకు ఇంకోటి. ఉప్పుగాలికి ముందు పోయేది హబ్బు. గ్రీజు ఇసుకతో కలిసి ముద్దయిపోతుంది, లోపలి బాల్స్‌కు చిన్న చిన్న గుంటలు పడతాయి. వెనక హబ్బులో పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్స్, ముందు దాంట్లో పక్కకు పది చొప్పున 3/16 అంగుళం బాల్స్ ఉంటాయి. నాలుగు పాడైతే నాలుగే మార్చడం తప్పు. కొత్తవి కాస్త పెద్దవిగా ఉండి బరువంతా వాటి మీదే పడుతుంది, బాల్స్ ఆనుకుని తిరిగే కోన్ అరుగుతుంది. సెట్టు మొత్తం మార్చాలి. మంచి బాల్స్ సెట్టుకు పెట్టే ఖర్చు కొంచెమే. కానీ చిన్న షాపుకు ఏ రకం దొరికితే ఆ రకమే కలిపి వేసే గతి. సముద్రం పక్క జిల్లాలో ఉన్న సంఘం అన్నిటికన్నా ముందు కొనాల్సింది మేలైన బాల్స్, గ్రీజు, కోన్‌లు. మీ జాబితాలో అవి లేవు. ఖరీదైన పెడళ్లు ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. చిన్న షాపు నిలబడేది కూలి మీద కాదు, సామాను మీద వచ్చే కొద్దిపాటి లాభం మీద. ట్యూబు అమ్మితే నాలుగు రూపాయలు మిగులుతాయి కాబట్టే గాలి కొట్టినందుకు ఏమీ అడగడు. ఇప్పుడు సంఘం నేరుగా మనకు సామాను అమ్మి, "షాపుకు తీసుకుపోయి బిగించుకోండి" అంటే ఆ నాలుగు రూపాయలు పోతాయి, పాత కూలి మాత్రం మిగులుతుంది. ఏడాది తిరిగేసరికి షాపు మూత పడుతుంది. మీరు ఎవరినీ దెబ్బతీయాలని అనుకోలేదని నాకు తెలుసు. అయినా జరిగేది అదే. అప్పుడు శని, ఆదివారాలు తప్ప మిగతా ఐదు రోజులు సైకిల్ తొక్కేవాళ్లకు దిక్కు లేదు.

దానికి బదులు ఇలా చేయొచ్చు. సంఘం టోకున కొన్న సామానును సభ్యులైన షాపులకు రెండు వారాల అరువు మీద ఇవ్వాలి. అమ్మకం ధర సంఘమే అచ్చు వేయాలి, దానిలో షాపు లాభం ఎంతో సర్వసభ్య సమావేశంలో తేల్చుకోవాలి. బిగింపు కూలి బోర్డు మీద రాయాలి, ఇప్పటికన్నా పెంచి రాయాలి. మార్చిన పాత భాగం సైకిల్ యజమాని చేతికి ఇవ్వాలి. "పాతది వేసి కొత్తదంటారు" అని మీరు షాపుల మీద పెట్టిన ఫిర్యాదు దీంతో చాలావరకు తీరుతుంది. అలాంటి షాపులు లేవని నేననను. కానీ ఒకరిద్దర్ని చూసి అందరినీ అనడం న్యాయం కాదు.

అట్లాస్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. అయినా ఊళ్లలో అట్లాస్ సైకిళ్లు ఇంకా తిరుగుతున్నాయి. పాత సైకిళ్ల సామాను కంపెనీ ఏదైనా దాదాపు ఒకే కొలత, ఒకదానిది ఇంకోదానికి పడుతుంది. ఆ సైకిళ్లను బతికిస్తున్నది ఈ మెకానిక్కులే. వాళ్ల కొడుకులు ఈ పనిలోకి రావడం లేదు, మోటార్‌సైకిల్ మెకానిక్కులవుతున్నారు, సెల్‌ఫోన్ షాపుల్లో చేరుతున్నారు. సంఘం పేరుతో కాస్త గౌరవం, కాస్త ఆదాయం కనపడితే కొందరైనా ఆగుతారని నా ఆశ.

సంఘాన్ని ఏ చట్టం కింద పెట్టాలన్నది మీరు ఇంకా తేల్చలేదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెట్టమని నా సలహా. వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది ఉంటే నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వం నుంచి వాటాధనం తీసుకోవడానికి వీల్లేదు, నా దృష్టిలో అది మంచిదే. 1964 సహకార సంఘాల చట్టం కిందున్న వ్యవసాయ సొసైటీల్లో ఎన్నికలు జరక్క, ప్రభుత్వం వేసిన పర్సన్ ఇన్‌ఛార్జి కమిటీలతో నడిచిన కాలం మనం చూశాం. సొసైటీ అనగానే జనం వెనకాడేది అందుకే. మన డబ్బు, మన ఓటు, మన ఆడిట్ అయితే ఆ భయం ఉండదు. వాటా వెయ్యి రూపాయలు పెట్టి వందమందిని చేర్చితే లక్ష అవుతుంది, మొదటి విడత సామానుకూ పనిముట్లకూ అది మంచి మొదలు. మెకానిక్కులు వెయ్యి ఒక్కసారి కట్టలేకపోతే వాయిదాల మీద తీసుకోండి. పాలకవర్గంలో సగం స్థానాలు వాళ్లకు ఉంచండి. ఒక మనిషికి ఒక ఓటే కాబట్టి కార్బన్ ఫ్రేము సైకిల్ ఉన్నవాళ్లకైనా, కోవూరులో పంక్చర్లు వేసేవాళ్లకైనా సంఘంలో ఒకే మాట, ఒకే విలువ.

ఈ జిల్లాకు ఇది కొత్త కాదు. అక్షర దీపం అనే పెద్దల చదువుల ఉద్యమం నుంచి 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ తర్వాత రోజుకో రూపాయి చొప్పున దాచుకుని పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నది మన నెల్లూరు ఆడవాళ్లే. ఆ రూపాయి కూలికి పోయి తెచ్చుకున్నది. ఇళ్లలో నుంచి ఎన్ని మాటలు పడ్డారో మా అమ్మ చెప్పేది. వాళ్ల సంఘాలు నిలబడ్డాయంటే, ఎవరి అవసరం కోసం పెట్టారో వాళ్లే అందులో ఉన్నారు కాబట్టి. మీ కాగితం అడుగున ఉన్న పేర్లలో డాక్టర్లు ఉన్నారు, లెక్చరర్లు ఉన్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉన్నారు. అందరూ మంచివాళ్లే, కొందరు నాకు తెలుసు. కానీ ఒక్క మెకానిక్ పేరు లేదు. బతుకుతెరువు కోసం సైకిల్ తొక్కే మనిషి పేరూ లేదు.

మరచిపోకుండా ఇంకో రెండు రాస్తాను. దివ్యాంగుల మూడు చక్రాల సైకిళ్లకు ఈ ఊళ్లో సామాను దొరకడం చాలా కష్టం. చేత్తో తిప్పే క్రాంక్ చెయిన్ తెగితే ఆ మనిషి ఇంట్లోంచి కదలలేడు. సంఘం వాటి సామాను లాభం లేకుండా ఉంచాలి. అలాగే ప్రభుత్వ బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్లలో చాలావరకు చిన్న చిన్న లోపాలతో ఇళ్లలో పడి ఉన్నాయి. ట్యూబు, బ్రేకు తీగ, పెడలు మారిస్తే మళ్లీ రోడ్డెక్కేవే. వాటిని బడికి తెప్పించే బాధ్యత నాది. ఒక మెకానిక్‌ను కూలి ఇచ్చి పంపండి, ఆయన పక్కన కూర్చుని పిల్లలే విప్పి బిగిస్తారు. పంక్చర్ వేయడం, చెయిన్ కొలవడం, బ్రేకు సరిచేసుకోవడం మా ఆడపిల్లలకు రావాలని నాకు ఎంతో పట్టుదలగా ఉంది. దారి మధ్యలో ఆగిపోతే ఎవరి కోసమూ చూడక్కర్లేకుండా ఇంటికి చేరతారు.

వచ్చే సమావేశం ఆదివారం పొద్దున ఆరింటికి అని పెట్టారు. అది షాపులకు గిరాకీ ఉండే వేళ, వాళ్లు రాలేరు. మధ్యాహ్నం రెండున్నరకు మార్చండి, ఎండకు గిరాకీ పలచబడి ఉంటుంది. ఈలోపు మీలో ఒక్కొక్కరు మీ వీధిలో ఉన్న షాపుకు పోయి, పేరు పెట్టి పిలిచి రమ్మనండి. మెసేజ్ పంపితే రారు, మనిషి పోవాలి. మా బడి దగ్గర భాయ్‌తో నేను మాట్లాడాను. సామాను అరువు మీద ఇచ్చేటట్టయితే చేరతానన్నాడు, వాటా రెండు వాయిదాల్లో కడతానన్నాడు. నా వాటా డబ్బు ఆ రోజే తెస్తాను. నియమావళిలో సభ్యత్వ అర్హత దగ్గర "సొంత సైకిల్ ఉండి వ్యాయామం కోసం తొక్కేవారు" అని ఉంది. అది మార్చి, "సైకిల్ తొక్కేవారు, సైకిల్ బాగుచేసేవారు" అని రాసి, ఆ ప్రతిని సమావేశానికి ముందే అందరికీ పంపండి.

ఇట్లు,
ఇందుకూరుపేట మండలంలోని ఒక లెక్కల టీచరు